జరీ పంచె కట్టుకున్న సైకిలు

విజయనగరంలో వీణ నేర్పే జానకిరామయ్య మాస్టారు దేన్నీ గుడ్డ చుట్టకుండా గడప దాటించరు. వీణకు సరే, గొడుక్కీ తొడగడానికి ఒక గవిసెన ఉంది. కళ్లజోడు పెట్టెకైతే రెండు. అలాంటి మనిషి శ్రీకాకుళంలో ఉన్న మనవరాలు తన్మయికి ఆకాశం రంగు సైకిలు కొన్నారు. "ఒక్క గీత పడినా నాకొద్దు తాతా" అని ఆ పిల్ల ఫోనులో ముందే చెప్పేసింది. మాస్టారు గొట్టం గొట్టానికీ భార్య పాత చీరలు చుట్టి, సైకిలును వ్యానులో వెనక సీటుకు ఆనించి కట్టి, పక్కనే కూర్చున్నారు. "ఏటి మాస్టారూ, సైకిలా, పెళ్లికూతురా? ఇన్ని సీరలు సుట్టీసినారు!" అన్నాడు డ్రైవరు ధర్మేంద్ర. "నువ్వు రోడ్డు చూడు నాయనా" అన్నారాయన.

చిలకపాలెం దగ్గర వ్యాను గోతిలో పడి ఎగిరింది. ఒకచోట చీర జారి, సీటు ఇనుపకాలు సైకిలుకు ఒరుసుకోబోయింది. చుట్టడానికి భుజం మీది తువ్వాలు చాలదు, ఇంకో గుడ్డ లేదు. మాస్టారు అటూ ఇటూ చూసి, కట్టుకున్న జరీ పంచె విప్పి అక్కడ చుట్టి, గట్టిగా మూడు ముళ్లు వేసి, తాను తువ్వాలు కట్టుకున్నారు. ఊరు రాకముందే మార్చుకోవచ్చనుకున్నారు గాని, తీగలు సవరించే ఆ వేళ్లకు ఆ ముళ్లు లొంగలేదు. వ్యాను వెళ్లి వియ్యాలవారి గుమ్మంలోనే ఆగింది. వియ్యపురాలు మంచినీళ్ల చెంబుతో ఎదురొచ్చి, "దిగండి అన్నయ్యగారూ, మా దగ్గర సిగ్గేటి?" అంది. తన్మయి లోపలికెక్కి, చీరలు తప్పించి గొట్టాల పొడుగునా వేలు రాసి చూసింది. "ఒక్క గీత కూడా లేదు తాతా! ఇంక దిగు." "దిగుతానమ్మా," అన్నారు మాస్టారు తువ్వాలు బిగించుకుంటూ, "ముందు దాని పంచె విప్పనీ."