పేజీని కింద నుంచి చదివిన అన్వర్ గారు

మొన్న ఆధార్ కార్డుకి లామినేషన్ చేయిద్దామని భవానీపురంలో మా సందు చివరి జిరాక్స్ షాపుకి వెళ్లాను. మెషీన్ వేడెక్కడానికి రెండు నిమిషాలు పడుతుందన్నాడు షాపాయన. కార్డు లోపలికి వెళ్లి ఇవతలికి వచ్చేసరికి కాలీ కాలని ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఎవరికైనా ఆ వాసనకి తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం పాత ఉద్యోగం గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లాల్సిన దాన్ని, వెచ్చటి కార్డు చేతిలో పెట్టుకుని అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. పక్కన అన్వర్ గారు ఉంటే "చల్లారేదాకా వంచకమ్మా" అని ఉండేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ మాట కోసం చెవి ఎదురుచూసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్ల మధ్య ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే అన్వర్ గారి ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, కరెంటు పోగానే కుయ్యిమనే బ్యాటరీ పెట్టె, ఓ మూల ప్రింటరు, దాని పక్కన లామినేషన్ మెషీను. కింద వీధిలో తోపుడు బళ్లు, ఆటోల గోల ఎంతున్నా పైన ఆయన గొంతు పెరిగేది కాదు. నేను డిగ్రీ పూర్తి చేసి అక్కడ ఉద్యోగంలో చేరాను. ఆ వీధిలోనే ఓ బట్టల కొట్లో మా నాన్న సేల్స్‌మన్. అంతకుముందు ముప్ఫై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. నన్ను అక్కడ చేర్చిందీ ఆయనే. "అన్వర్ భాయ్ నిదానస్తుడు. నీ నోటికి ఆయనే మందు" అన్నాడు. నాకు అప్పట్లో ప్రతి ప్రశ్నకీ జవాబు తెలుసనే పొగరుండేది. డిగ్రీ ఫస్ట్ క్లాసు మరి.

సెంటర్ పెట్టకముందు అన్వర్ గారు ఇరవై ఏళ్లు ఓ మందుల షాపు కౌంటర్లో పనిచేశారు. అందుకని రిజల్ట్స్ చూసుకోవడానికి వచ్చే పిల్లలతో పాటు, చేతిలో డాక్టరు చీటీ పట్టుకుని పెద్దవాళ్లు కూడా మెట్లెక్కేవారు. "భాయ్, ఈ జబ్బు గురించి కంప్యూటర్లో ఏమన్నా ఉందేమో చూడండి" అనేవారు. అలాంటివాళ్లని ఆయన తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకునేవారు. పేజీ తెరుచుకోగానే అందరం పైనున్న పెద్దక్షరాల వైపు చూస్తుంటే, ఆయన మౌస్ పట్టుకుని సరాసరి అడుగుకి వెళ్లిపోయేవారు. రాసిందెవరు, డాక్టరా, ఆస్పత్రా, మందు చేసేవాళ్లా, ఎప్పుడు రాశారు, రాసి ఏమన్నా అమ్ముతున్నారా. ఈ మూడూ దొరికాకే పైకి వచ్చి చదవడం మొదలుపెట్టేవారు. దొరక్కపోతే ఆ పేజీ మూసేసేవారు, అది ఎంత అందంగా ఉన్నా సరే.

"అందరూ పైనుంచి చదువుతారు కదా సార్" అన్నాను చేరిన కొత్తలో.

"పైన వాళ్లు చెప్పదలుచుకున్నది ఉంటదమ్మా. చెప్పక తప్పనిది కింద ఉంటది" అన్నారు.

మనం కోరుకున్న జవాబు మొదటి పేజీలోనే దొరికితే ఆయనకి మరీ అనుమానం. "రోగి కోరిందీ పాలే, కంప్యూటర్ చెప్పిందీ పాలే అంటే, ఆ పాలు ఎవరు పోస్తున్నారో చూడాల" అని నవ్వేవారు. అదే సంగతి ఇంకో రెండు చోట్ల, ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు చెబితేనే ప్రింటు తీసేవారు. ఆ కాగితం పైమూల నీలం పెన్సిల్‌తో ఆ రోజు తేదీ వేసేవారు. వెనక వైపు ఖాళీ జాగాలో, డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు తెలుగులో రాసిచ్చేవారు. "ఇది డాక్టరుకి చూపించి గెలవడానికి కాదండీ, అడగడానికి" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. ఏమీ దొరక్కపోతే "తెలియట్లేదండీ" అనేవారు. అంత పెద్దాయన ఆ మాటని మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అంటుంటే నాకు చిన్నతనంగా ఉండేది. తెలియదని చెప్పడానికి సెంటర్ ఎందుకు, అనుకునేదాన్ని.

ఇంకో పట్టింపు కూడా ఉండేది ఆయనకి. సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు, దేవుడి పటాలు, ఏవైనా లామినేషన్ చేసేవారు. ఆరోగ్యం కాగితాన్ని మాత్రం ఛస్తే చేసేవారు కాదు. కంకిపాడు నుంచి వచ్చిన ఒకావిడ, కూతురి థైరాయిడ్ గురించి తీసిన కాగితం లామినేషన్ చేసిస్తే గానీ కదలనని కూర్చుంది.

"బస్సులో నలిగి పాడైపోద్దండీ."

"పాడవ్వాలమ్మా. వచ్చే ఏడు ఇందులో మాట మారొచ్చు. అప్పుడు కొత్తది తీయిద్దురు గాని."

"గోడకి తగిలించుకుందామనండీ."

"గోడకెక్కితే ఇంక దాన్నెవరూ ప్రశ్న అడగరు" అన్నారాయన. ఆవిడ మూతి ముడుచుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని వెళ్లిపోయింది. వచ్చిన బేరం పోగొట్టుకుంటున్నారని నేను లోలోపల విసుక్కున్నాను.

మా నాన్నకి షుగరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్రలు. అవి వేసుకునేటప్పుడు ఆయన మొహం చూస్తే ఎవరో శిక్ష వేసినట్టుండేది. "బతికినన్నాళ్లూ ఇవేనంటమ్మా? మీ కంప్యూటర్లో దీనికేం లేదా?" అని రోజూ అడిగేవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్వర్ గారు నమాజుకి వెళ్లినప్పుడు నేనే వెతికాను. నలభై రోజుల్లో షుగరు మాయం చేసే పొడి గురించి ఓ పేజీ దొరికింది. తెల్లకోటు వేసుకున్నాయన నవ్వుతున్న ఫొటో, బాగుపడ్డవాళ్ల మాటలు, అన్నీ ఉన్నాయి. నాన్నకి చూపించాలన్న ఆత్రంలో ప్రింటు తీసి, ఇంగ్లీషు వరసల మధ్య తెలుగులో అర్థం రాశాను. నాన్న చెమట చేతుల్లో కాగితం రెండు రోజులు కూడా ఆగదు. లామినేషన్ చేద్దామనుకున్నాను. చూస్తే పెద్ద కవర్లు అయిపోయాయి. ఉన్న కవరు కాగితం కంటే రెండు వేళ్లు పొట్టి. కత్తెర తీసుకుని కాగితం కింది కొస కత్తిరించేశాను.

ఆ కొస మీద ఏముందో చూడలేదని చెప్పుకుంటే ఇన్నేళ్లూ కాస్త సుఖంగా నిద్రపోయేదాన్ని. చూశాను. బూడిద రంగులో చీమల్లాంటి అక్షరాలు రెండు వరసలు. ఇవి నాన్నకెందుకులే అనుకుని బుట్టలో పడేశాను. వేడి దిగని లామినేషన్‌ని చున్నీ కింద దాచుకుని ఇంటికి తీసుకెళ్లాను. నాన్న దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించి, చుట్టుపక్కల వాళ్లకి "మా పద్మ తీసింది, కంప్యూటర్లో" అని చూపించుకున్నాడు. ఆ పొడి తెప్పించుకున్నాడు కూడా. మాత్రలు మానేశాడని మాత్రం నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నెల తిరక్కుండానే కాలి వేలు చెప్పు ఒరుసుకుని పుండయింది. అది మానలేదు. ఓ రోజు కొట్లో చీరలు పరుస్తూ పరుస్తూ చీరల మీదే ఒరిగిపోయాడు. ఆస్పత్రిలో డాక్టరు పాదం చూసి, కాలు దక్కుతుందో లేదో నాలుగు రోజులు ఆగితే గానీ చెప్పలేనన్నాడు. "మాత్రలు ఎవరు మానమన్నారు?" అని ఆయన అడిగితే, మా నాన్న నా వైపు చూడకుండా "నేనే మానేశానండీ" అన్నాడు. ఆ చూడకపోవడాన్ని నేను ఇప్పటికీ తట్టుకోలేను.

మర్నాడు అన్వర్ గారికి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఆ కాగితం పట్టుకురామ్మా" అన్నారు. తెచ్చి ఇస్తే వేళ్లతో పైనుంచి కిందికి తడిమి, "దీని అడుగేది?" అన్నారు. నేను బల్ల మీది కత్తెర వైపు చూశాను. ఆయనే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీ మళ్లీ తెరిపించి, కిందికి వెళ్లి ఆ రెండు వరసలూ నా చేతే పైకి చదివించారు. ఈ వ్యాసం ఆ పొడి తయారుచేసేవాళ్లు రాయించుకున్నదని ఒక వరస. డాక్టరుకి చెప్పకుండా మీరు వాడుతున్న మందులు ఆపవద్దని రెండో వరస. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఏడ్చాను.

ఆయన మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత తనలో తాను చెప్పుకుంటున్నట్టు అన్నారు.

"మందుల షాపులో జనం నాలుగు మాత్రలు చాలనేవారు. అట్ట కత్తిరించి ఇచ్చేవాణ్ణి. పేరూ, డేటూ ఉన్న ముక్క నా దగ్గరే ఉండిపోయేది. ఒకాయన ఒళ్లంతా దద్దుర్లతో వచ్చి, తన చేతిలో ముక్క చూపించి ఇదేం మాత్ర భాయ్ అన్నాడు. నాకు గుర్తు లేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి ఏదో పేరు చెప్పాను. దాన్నిబట్టే డాక్టరు ఇంకో మందు రాశాడు."

"తర్వాత ఏమైంది సార్?"

"బతికాడులే. నేనే ఆ కౌంటర్లో నిలబడలేకపోయాను."

ఆయన పేజీలని అడుగు నుంచి ఎందుకు చదువుతారో, తెలియదన్న మాట ఆయనకి అంత తేలిగ్గా ఎందుకు వస్తుందో ఆ రోజు అర్థమైంది. అది తేలిగ్గా వచ్చిన మాట కాదు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరైనా క్షమించారంటే అది ఆ పది నిమిషాల్లోనే. క్షమిస్తున్నానన్న మాట మాత్రం ఆయన అనలేదు.

ఆ తర్వాత ఆయన మళ్లీ ప్రింటు తీసి, దాని కింది కొసని మాత్రం స్కేలు పెట్టి జాగ్రత్తగా కత్తిరించారు. రెండు వరసల కింద నీలం పెన్సిల్‌తో "డాక్టరుకి చెప్పకుండా మందు మానొద్దు" అని తెలుగులో రాసి, లామినేషన్ మెషీన్ ఆన్ చేశారు. ఆరోగ్యం కాగితం ఆ మెషీన్లోకి ఆయన చేత్తో వెళ్లడం నేను చూసింది అదొక్కసారే. వెచ్చటి ఆ ముక్క నా చేతిలో పెట్టి, "చల్లారేదాకా వంచకమ్మా" అన్నారు.

నాన్నకి కాలు దక్కింది. ఒక వేలు పోయింది. ఇంటికొచ్చాక మేకు ఖాళీగా ఉండటం చూసి, "బట్ట తాను కొనేటప్పుడు కొస తిప్పి మిల్లు ముద్ర చూడందే ముట్టుకోను నేను. కూతురు తెచ్చిందిగదా అని కొస చూడలా" అని నవ్వాడు. మాత్రలు వేసుకుంటూ మరో పదేళ్లు బతికాడు. కుంటుతూనే కొట్టుకి వెళ్లేవాడు. ఆ నడక చూసినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని.

తర్వాత నాకు పెళ్లయింది, ఓ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. అన్వర్ గారి సెంటర్ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేర్ షాపు ఉంది. మెట్లు మాత్రం అవే. ఆయన పోయారని నాకు నెల తర్వాత తెలిసింది. చివరిచూపు దక్కలేదన్న బాధ నాకు ఎంతకీ తీరలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే ఫోన్లో బంధువులు, తోటి టీచర్లు పంపే వైద్యాలే. నేను వేలితో నెట్టుకుంటూ సరాసరి అడుగుకి వెళతాను. అక్కడ పేరుండదు, తేదీ ఉండదు. చాలాసార్లు అడుగే ఉండదు, ఎవరో ముందే కత్తిరించి పంపుతారు. ఎవరైనా నన్నడిగితే "తెలియదండీ, డాక్టర్ని అడుగుదాం" అంటాను. అన్నప్పుడల్లా పక్క కుర్చీ వైపు చూడాలనిపిస్తుంది. ఆయన ఉంటే బావుండును. ఇంకేం అక్కర్లేదు, పక్కన కూర్చుని మౌస్ కిందికి జరిపితే చాలు.

ఆ రోజు జిరాక్స్ షాపులో పర్సు తెరిచి అన్వర్ గారు ఇచ్చిన ఆ ముక్కని బయటికి తీశాను. అంచులు పసుపెక్కాయి. నీలం పెన్సిల్ రాత ప్లాస్టిక్ కింద చెక్కు చెదరలేదు. ఇన్నేళ్లు దగ్గర పెట్టుకుని కూడా ఒక సంగతి మొన్ననే గమనించాను. ప్రతి కాగితం మీదా తేదీ వేసే మనిషి, దీని మీద వేయలేదు. మర్చిపోయారో, దీనికి అక్కర్లేదనుకున్నారో నాకు తెలియదు.