ఊక దట్టించిన పెట్టె

నరసరావుపేటలో మా అన్న లేతు మిషను మీద జీపు ఇంజన్లలో తిరిగే క్యాంషాఫ్టు కడ్డీలు అరగదీసి, ఇంజనుకు పికప్ పెరిగేలా తయారు చేసేవాడు. అరుగుదల ఎంతో, కొలిచే గేజీ కన్నా ముందు ఆయన వేలి కొసకే తెలిసేది. పల్నాడులో పెద్ద రైతులకు జీపు ఎంత దూకితే అంత పరువు. కానీ బస్సు టాపు మీద వేసి పంపితే మాచర్ల చేరేసరికి షాఫ్టు నిండా గీతలే. అన్న పనితనం కూలీల విసుర్లకు పాడైపోతుంటే నాకు ఒళ్ళు మండేది.

అందుకే మామిడి చెక్కతో పెట్టె కొట్టాను. షాఫ్టు రెండు చివరలూ కూర్చునేలా గాడి కోసిన దిమ్మలు పెట్టి, గ్రీజు గుడ్డ చుట్టి, సందుల నిండా ఊక దట్టించి, మూతకు మేకులు బిగించాను. ఎత్తి కింద పడేసి చూస్తే లోపల కదలిక లేదు. పెళ్ళికూతుర్ని కూడా ఇంత జాగ్రత్తగా పంపరని అన్న నవ్వాడు.

అవి పంచాయతీ ఎన్నికల రోజులు. మా వైపు నాటుబాంబులు కూడా ఒకదానికొకటి తగలకుండా ఊకలోనే ప్రయాణం చేసేవి. ఆ సంగతి పసిపిల్లలకూ తెలుసు. పెట్టె కొట్టేటప్పుడు నాకే తట్టలేదు.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని అన్న మాచర్ల బస్సెక్కాడు. పక్కన నేను. గురజాల దాటాక గతుకులకు మూత సందులోంచి ఊక రాలింది. ముందు సీటు ముసలాయన ఆ ఊకనీ, అన్న పెట్టెను పొదివి పట్టుకున్న తీరునీ చూసి బాంబులని కేక పెట్టాడు. బస్సు ఆగింది. జనం కిటికీల్లోంచి దూకారు. పెట్టె వదలని అన్ననీ, నన్నూ రోడ్డు మీదికి ఈడ్చి కర్రలతో, నాపరాతి ముక్కలతో కొట్టారు. నా ముందు పళ్ళు అక్కడే రాలాయి. అది ఇనుప సామానని రక్తం మింగుతూ చెబుతూనే ఉన్నాను. తెరిచి చూడమంటే మాత్రం ఒక్కడూ దగ్గరికి రాడు.

"నేనే తీసి చూపిత్తా బాబాయ్, కాసేపు ఆగండి," అంటూ అన్న మూత మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్, ఇసురుతన్నాడు. చేతి మీద కొట్టండ్రా," గుంపులోంచి ఒకడు అరిచాడు.

నాపరాయి పడింది. మళ్ళీ పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

పోలీసులొచ్చి పెట్టెకు తాడు కట్టి, కాలవ నీళ్ళలో నానబెట్టి, ఆ తరవాత మూత ఊడదీశారు. షాఫ్టు మీద ఒక్క గీత లేదు. ముందే చెప్పొద్దా ఏంది అని కొట్టినవాళ్ళలో ఒకడు మమ్మల్నే తప్పు పట్టాడు. వాడి గొంతు పిసకాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

అన్న కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. లేతు నాకొచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేవాణ్ణి. పెట్టెలు మాత్రం మార్చేశాను. ఊక లేదు, మూత లేదు. దిమ్మల మీద షాఫ్టు, చుట్టూ ఎడం ఎడంగా కొట్టిన బద్దలు. లోపలేముందో దూరం నుంచే ఎవరికైనా కనిపిస్తుంది.

షాఫ్టు దుమ్ము కొట్టుకుపోతోందని మాచర్ల జీపు ఆసామి చానాసార్లు గొణిగాడు.

"దుమ్మేగా, తుడుసుకోమను," అనేవాడు అన్న, ఎడంచేత్తో బీడీ ముట్టించుకుంటూ.