స్టీరింగు వదిలిన చేతులు

బెంగళూరులో రైలు దిగేసరికి ఉదయం ఆరున్నర. సన్నటి తుంపర. భుజాన కిట్ బ్యాగు, చేతిలో నల్ల ట్రంకు పెట్టె. మంచుకొండల నుంచి బదిలీ అయి వచ్చానని మా ఊళ్ళో అందరూ సంబరపడ్డారు. ఇక హాయిగా ఉండొచ్చు అన్నారు. నా సర్వీసు మొత్తంలో నేను గజగజ వణికింది ఆ హాయైన ఊళ్ళోనే. చెబితే మీరు నవ్వుతారేమో.

నేను బండ్ల మెకానిక్‌ని, హవల్దారుని. కొండల్లో ఉండగా ఒకరోజు బంకరు ముందు నిలబడి ఉన్నాను. పై మలుపులో మా రేషన్ ట్రక్కు దిగుతోంది. వాకీటాకీలో డ్రైవరు గొంతు. "స్టీరింగు ఊరికే తిరుగుతోందన్నా." తలెత్తి చూశాను. అద్దం వెనక అతని రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి. మరుక్షణం మలుపులో ట్రక్కు లేదు. చక్రాలను తిప్పే కడ్డీకి నట్టు ఊడిపోయిందని తర్వాత తేలింది. అప్పటి నుంచి స్టీరింగు పని అంటే నాకు గుండెల్లో రాయి పడేది.

బెంగళూరు వర్క్‌షాపులో నాకు అప్పగించిన మొదటి పనే అది. యూనిట్‌కి ఒక పాతకాలం నల్ల కారు ఉండేది. వయసులో ఉన్నప్పుడు దాన్ని నడిపిన సుబేదారు బొమ్మనహళ్ళిలో ఉంటున్నాడు. ఇప్పుడు చూపు లేదు. ఆ కారులో ఒక్కసారి కూర్చోవాలని ఆయన కోరిక. ఆదివారం యూనిట్ పండగకి ఆయన్నీ భార్యనూ అందులోనే పది గంటలకి మైదానానికి తేవాలని ఆర్డరు. కారేమో నలభై వేగం దాటితే చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

మాకిచ్చిన డ్రైవరు కాటన్‌పేటవాడు. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. భయమంటే తెలియని మనిషి. "ముసలి బండి కదా ఉస్తాద్, తల ఊపుతా ఉండాది, అంతే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

అరిగిన కీళ్ళు మార్చాను. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి కొలిచాను. ముందు చక్రాలు రెండూ వెంట్రుకవాసి లోపలికి చూడాలి. మనుషులెక్కితే బండి కుంగుతుంది, ఆ కొలతా మారుతుంది. అందుకని వంటవాణ్ణి, గుమాస్తాని వెనక సీట్లో కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాను. వంటవాడు పొయ్యి మీద పప్పు మాడిపోతుందని ఒకటే గోల. కదిలితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. స్టీరింగు కడ్డీ నట్టు బిగించి, దాని మీద నుంచి కడ్డీ మీదికి తెల్లరంగుతో ఒక గీత గీశాను. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. శనివారమంతా ఆ గీతను చూసినన్ని సార్లు దేవుడి పటాన్ని కూడా చూసి ఉండను.

సైన్యంలో మాకో జబ్బు ఉంది. పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే కనబడ్డ ప్రతిదానికీ రంగు కొడతాం. చెట్ల మొదళ్ళు, దారి పక్క రాళ్ళు, ఏవీ వదలం. ఆదివారం తొమ్మిదికి షెడ్డుకు వెళ్ళాను. ట్రాఫిక్ ఎక్కువవుతుందని కారు ఎనిమిదికే వెళ్ళిపోయింది. నల్లరంగు డబ్బాతో ఒక జవాను కనిపించాడు. కారు బయల్దేరే ముందు దాని అడుగుభాగానికి కూడా రంగు వేశానని గొప్పగా చెప్పాడు. కడ్డీ మీద ఏదో తెల్లటి గలీజు అంటుకుందట. నట్టు వదులు చేసి, శుభ్రంగా గోకి, రంగు వేశాడట. మళ్ళీ బిగించావా అని అడిగాను. బిగించినట్టే గుర్తు అన్నాడు.

వాకీటాకీ అందుకున్నాను. డ్రైవరు అప్పటికే ముసలి దంపతుల్ని ఎక్కించుకుని ఫ్లైఓవరు మీద ఉన్నాడు. ఆపమన్నాను.

"ఎట్లా ఆపేది ఉస్తాద్? వెనకాల లారీలు ఉండాయి."

మెల్లగా రమ్మన్నాను. స్టీరింగు వదులుగా ఉందేమో చెప్పమన్నాను. గరగర తప్ప జవాబు లేదు.

పానా జేబులో వేసుకుని మోటారు సైకిలు తీశాను. ఫ్లైఓవరు దిగే చోట పక్కకి నిలబడి, వస్తున్న కారు వైపు చేతులు ఊపాను. డ్రైవరు నన్ను చూశాడు. నవ్వాడు. రెండు చేతులూ స్టీరింగు మీంచి ఎత్తేశాడు.

బండి ఎంత నేరుగా పోతోందో నాకు చూపించాలని అతని సరదా. నాకు కనిపించింది ఆ కొండ మలుపు. కళ్ళు మూసుకున్నాను. ఏడ్చాను కూడా, మీ దగ్గర దాపరికమెందుకు.

తెరిచేసరికి కారు నా ముందు ఆగి ఉంది. ఇస్త్రీ యూనిఫాంతోనే కిందికి దూరాను. నట్టు వేళ్ళతో తిప్పితే తిరిగింది. బిగించి లేచి డ్రైవరు చెంప ఛెళ్ళుమనిపించాను. నట్టు వదులైందన్నాను. నా వేళ్ళ మీది ఆరని నల్లరంగు చూసి అతనికి అర్థమైంది. ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

వెనక సీట్లోంచి సుబేదారు అడిగాడు. "ఏమైంది నాయనా? బండి బాగానే పోతా ఉండాది కదా?"

బాగుందన్నాను. మైదానం దాకా నేనే నడిపాను, ఇరవై వేగం దాటకుండా.

రెండేళ్ళకు రిటైరయ్యాను. మదనపల్లె బస్సెక్కించడానికి ఆ డ్రైవరే వచ్చాడు. బస్సు కదిలింది. అతను రెండు చేతులూ ఎత్తి ఊపాడు. దించు, దించరా అని కిటికీలోంచి అరిచాను. వినబడలేదేమో, ఇంకా పైకెత్తాడు.