నొప్పి తెలియని చెయ్యి

మా వీధి చివరి క్లినిక్‌లో నర్సుని అందరూ నొప్పిలేని సిస్టర్ అనే పిలుస్తారు. సూది దిగిందో లేదో మనకు తెలిసేలోపే దూదితో రుద్దేస్తూ "అయిపోయింది, లే" అంటుంది. ఆవిడ హస్తవాసి అలాంటిది.

ఆ హస్తవాసే కొంప ముంచింది. ఒక మ్యాచ్ రోజున మందుల షాపాయన ఫోన్‌లో పందెం యాప్ తెరిచి తెచ్చి, ఆవిడ చేత్తో ఒకసారి బటన్ నొక్కమన్నాడట. నొక్కింది. అతను గెలిచాడు. ఇక అప్పట్నుంచి రక్తపరీక్షకు వచ్చినవాళ్లు ఒక చెయ్యి సూదికి చాపి, రెండో చేత్తో ఫోన్ చాపడం మొదలుపెట్టారు. డాక్టరుగారు కూడా తలుపు సందులోంచి చాపేవారు. దాన్ని జూదమని ఎవరూ అనలేదు. టీవీలో ప్రకటన వస్తుంది, పిల్లలు ఆ పాట పాడుకుంటారు, ఇంకా జూదమేమిటి? 'ఆట' అనేవారు.

అందరికీ కలిసొచ్చే చెయ్యి తనకు మాత్రం కలిసిరాదా అనిపించిందట. మొదట్లో అన్నం తింటూ ఆడేది. తర్వాత అన్నం మానేసి ఆడేది. భర్త అడిగితే, మీరు టీ తాగరా, ఇదీ అంతేనని కసిరింది. ఆయన పాపం టీ మానేసి చూపించాడు. దాంతో ఆయనతో మాట్లాడటమే మానేసింది.

మొన్న జ్వరంతో కాలిపోతున్న పసిపిల్లను తెచ్చారు. సెలైన్ ఎక్కించాలి. చంటిపిల్లల నరం దొరకడం కష్టం, అందుకే ఆ పని ఎప్పుడూ ఈవిడదే. వేలితో తడిమి నరం పట్టుకుంది. పందెం తేలినట్టుంది, జేబులో ఫోన్ వణికింది. దాంతోపాటు చెయ్యీ వణికింది. సూది పక్కకు పోయింది. రెండోసారీ అంతే. పిల్ల తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ చెయ్యి మంచిదని ఇంత దూరం వచ్చానక్కా. నువ్వసలు పిల్లని చూస్తున్నావా?"

చివరికి డాక్టరుగారే సూది అందుకున్నారు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తున్నా తన మనసు జేబులోనే ఉందని, అది తలుచుకుంటేనే భయమేస్తోందని సిస్టర్ నాతో అంది. ఆ సాయంత్రం డాక్టరుగారి గదికి వెళ్లి, ఆపుదామన్నా ఆపలేకపోతున్నాను, దీనికేమైనా మందుందా అని అడిగిందట. ఆయన నవ్వి, అలసిపోయావు, రెండ్రోజులు సెలవు తీసుకోమన్నారు. ఆ వెంటనే ఫోన్ చాపారు.

"వెళ్లేముందు ఇదొక్కటి నొక్కేసి వెళ్లమ్మా."

నొక్కారా అని అడిగాను. ఆవిడ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది.

"నొక్కాను తమ్ముడూ. దానికి మాత్రం చెయ్యి వణకలేదు."