పెదనాయన చిన్న మెదడు

ఆ రోజుల్లో నాకు మనుషులు మనుషుల మాదిరి కనపడేవాళ్లు కాదు. నర్సింగు మొదటి సంవత్సరం. ఎవరన్నా దగ్గితే ఊపిరితిత్తులు, కళ్లు తిరిగాయంటే లోపలి చెవి ఎదురుగా వచ్చి నిలబడినట్టుండేది. (హాస్టల్లో మేమంతా పాఠానికొక జబ్బు తెచ్చుకుని, పరీక్షలు కాగానే బాగయిపోయేవాళ్లం.)

సెలవులకు కంభం పక్కన మా ఊరికి పోతే, వాకిట్లో మా పెదనాయన చదునైన నేల మీద గట్టు ఎక్కుతున్నట్టు కాళ్లు ఎత్తెత్తి వేస్తున్నాడు. భయమేసింది. (కొంచెం సంతోషం కూడా. పుస్తకంలో చదివింది కళ్లెదుట నడుస్తోంది మరి!) ముగ్గుపిండితో గీత గీసి, దాని మీద అడుగులో అడుగు ఆనించి నడవమన్నాను. తూలి మందారచెట్టును పట్టుకున్నాడు.

"ఏందే పాపా, ఏమైంది నాకు?"

"చిన్న మెదడు, పెదనాయనా," అన్నాను గంభీరంగా. నడక తూలకుండా చూసేది తల వెనక ఉండే ఆ భాగమేనని చెప్పబోయినాను గానీ, పెద్దమ్మ వింటేగా! "పెండ్లయిన కాడ్నుంచి నాకు అనుమానమే," అంటూ చేట కింద పెట్టి పక్కింటికి పోయింది.

సాయంత్రానికి జనం వచ్చేసినారు. "మామా, నేనెవురో గుర్తుపట్టినావా?" అని చెవిటివాణ్ని అడిగినట్టు అరుస్తున్నారు. పొలం గట్టు తగాదా తీర్చమని ముందే చెప్పిపెట్టుకున్న అన్నదమ్ములైతే, "నువ్వు రెస్టు తీసుకో మామా, పొదిలి నుంచి మా బావను పిలిపించుకుంటాంలే," అని వెనక్కి పోయినారు. ఊర్లో ఏ తగాదా అయినా ఆయన మాటతోనే తెగేది. ఆ పూట పెదనాయన అన్నం ముట్టలేదు.

తెల్లారి మార్కాపురం తీసుకపోయినాను. డాక్టరు నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, పెదనాయన వైపు తిరిగినాడు.

"ఈ కళ్లద్దాలు ఎప్పటివి?"

"మొన్ననే సార్. పైన దూరానికి, కింద పేపరుకి."

"తీసి నడువు."

పెదనాయన గోడ దాకా తిన్నగా పోయి, తిన్నగా వచ్చినాడు. "మెదడు బ్రహ్మాండంగా ఉంది. కింది అద్దంలోంచి నేలను చూస్తే అట్లనే ఉంటది, తల వంచి పైదాంట్లోంచి చూడు," అన్నాడు డాక్టరు. నేను ఆయన టేబులు మీది పేపర్‌వెయిట్‌ని చాలా శ్రద్ధగా చూస్తా కూర్చున్నాను.

బస్సులో పెదనాయన కళ్లద్దాలు తీసి తుడుస్తా కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. సగం దారిలో, "ఆ చిన్న మెదడు యాడుంటది?" అన్నాడు. ఆయన తల వెనక వేలు పెట్టి చూపించినాను. తడుముకొని, "ఇది బాగుందని ఊర్లో అందరికీ నువ్వే చెప్పాల," అన్నాడు.

ఇంటింటికీ తిరిగి చెప్పినాను. "పెదనాయన చిన్న మెదడు బాగుంది" అంటే జనం ఇంకా జాలిపడినారు. చివరికి ఆయనే ఆ అన్నదమ్ముల సన్నటి గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు చకచకా నడిచి, అక్కడే తగాదా తెంపినాక గానీ ఊరు నమ్మలేదు.

ఇప్పుడు వార్డులో ఎవరన్నా "ఏం జబ్బు సిస్టర్?" అని అడిగితే, "డాక్టరుగారు చూసి చెప్తారు" అంటాను. నాలుగడుగులు చూసి జబ్బు పేరు పెట్టేసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఎంత ధైర్యమమ్మా దానికి! అంత ధైర్యం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.