చెక్కపెట్టె మీద అరచేయి

1979 జులై, ఆదివారం. మధ్యాహ్నం నుంచి ముసురు. హుస్సేనీ ఆలం, దేవసహాయం గారి ఇల్లు. హాజరు: దేవసహాయం గారు, ఆయన భార్య రత్నమ్మ గారు, కింది వాటాలో ఉండే దర్జీ ఇస్మాయిల్ భాయ్, ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మలు చేసే బాలకిషన్, నేను.

నా పాత డైరీలో ఆ రోజు పేజీ మీద మిగిలింది ఇంతే. ఆ కింద కాగితం లేదు, చింపిన అంచు ఉంది. ఈ ఉదయం మా కోడలు తాలింపు వేస్తుంటే ఆవాలు చిటపటలాడి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ చిట్లాయి. రికార్డు మీద ముల్లు దిగాక, పాట మొదలవక ముందు వినిపించే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టి పాట కోసం ఎదురుచూశాను. పాట రాలేదు, కరివేపాకు వాసన వచ్చింది. అప్పుడు లేచి వెళ్లి బీరువాలోంచి ఆ డైరీ తీశాను.

దేవసహాయం గారు నేను పనిచేసిన వర్క్‌షాపులో ఫోర్‌మన్. సన్నగా, నిటారుగా ఉండేవారు. నేను కొత్తగా చేరిన వారంలో లేత్ యంత్రం గురించి ఏదో అడగాలని ఆయన వెనక నిలబడి రెండు మూడుసార్లు పిలిచాను. పలకలేదు. పక్క యంత్రం మీది వాడు నవ్వాడు. "ఎంత పిలిచినా గంతే తమ్మీ. సారుకు పొగరు. పేరు పెట్టి దండకం చదివినా తిరగడు." కాసేపటికి ఆయనే తిరిగి, నన్ను చూసి దగ్గరకొచ్చారు. "మనిషితోని మాట్లాడాల్నంటె ఎదురుంగ నిలబడాలె యాదగిరీ. వీపుతోని ఏం ముచ్చట పెడ్తవ్?" అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, నడుస్తున్న లేత్ ఇనుప ఒంటి మీద ఆనించారు. "చెవి సంగతి పక్కకు పెట్టు. బేరింగు పోయేది ఫస్టు చెయ్యికే తెలుస్తది." ఈ రెండు మాటలూ పనిలో పండిన మనిషి చెప్పే పాఠాలనే అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఆదివారం ఆయన వేరే మనిషి. చర్చి నుంచి వచ్చి, భోంచేసి, తెల్ల చొక్కా మార్చకుండానే రికార్డు ప్లేయరు ముందు కూర్చునేవారు. అది వెడల్పాటి చెక్కపెట్టె. శబ్దం పెంచే మర మీద ఒక సుద్దగీత ఉండేది. దాన్ని దాటి తిప్పకూడదని రత్నమ్మ గారు గీసిన గీత. గోడ బీరువా నిండా పెద్ద రికార్డులు, నిలబెట్టి, ఒక్కోదానికి మైనపు కాగితం తొడిగి ఉండేవి. వీణ, షెహనాయి, ఖవ్వాలీ, సినిమా పాటలు, ఇంగ్లీషు బ్యాండు సంగీతం, అన్నీ ఉండేవి. కానీ ఏది తీసి చూసినా దాని మీది సంవత్సరం అరవై నాలుగు, అరవై అయిదు, అరవై ఆరు. అంతకు తర్వాతది ఒక్కటి లేదు. ఆ ఇంటికి రెండు కట్టుబాట్లు. ముల్లు పెట్టడం, తీయడం ఆయనే చేయాలి. ముల్లు రికార్డు మీద ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు. ఆయన కళ్లు మూసుకుని, పెట్టె మీద అరచేయి ఆనించి, తల ఊపుతూ కూర్చునేవారు. పాటలు అయిపోవడానికి ఒక్క క్షణం ముందే ఆయన చెయ్యి లేచేది. ఎంత పాతవైనా వాటిని ఎంత శ్రద్ధగా వింటారో అని ఆశ్చర్యపోయేవాణ్ణి. వినడం అనే పని ఒకటి ఉందని, అది మాట్లాడటం కంటే కష్టమని నాకు తెలిసింది ఆ గదిలోనే.

గురువారాలు షిఫ్టు అయ్యాక ఇద్దరం జుమేరాత్ బజారుకు వెళ్లేవాళ్లం. అక్కడ పాత తాళాలు, గడియారాల మధ్య గోనె పరిచి రికార్డులు అమ్మే ముసలాయన ఉండేవాడు. ఒకసారి కవరు కూడా నలగని సితార్ రికార్డు తీసి చూపించాడు. దేవసహాయం గారు దాన్ని తిప్పి, లేబుల్ మీద సన్న అక్షరాల్లోని సంవత్సరం చూసి, తిరిగి గోనె మీద పెట్టారు.

"ఇది డెబ్బైది. వద్దు."

"మంచిగుంటది గద సార్," అన్నాను.

"మంచిగనే ఉండొచ్చు. నాకేం పనికొస్తది?"

ముసలాయన పాన్ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "సాబ్ ఘడీ అరవై ఆరుల ఆగింది తమ్మీ. చావీ తిప్పేటోడు లేడు!" దేవసహాయం గారు కూడా నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం చూసి నేనూ నవ్వాను.

ఆ జులైలో ఆయన పుట్టినరోజు వచ్చింది. మలక్‌పేటలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే నాకొక సితార్ రికార్డు దొరికింది. అరవై అయిదుది. ఆయన బీరువాలో లేనిది. దొరికిందే భాగ్యమనుకుని, ముసురులో తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని తీసుకెళ్లాను. ఆయన సంవత్సరం చూసి మురిసిపోయారు. తర్వాత కవరు వెనక వైపు చాలాసేపు చదివారు.

"ఇది నేనెప్పుడు ఇనలే," అన్నారు.

"అందుకే తెచ్చిన సార్."

రత్నమ్మ గారు వంటింటి గడపలోంచి ఆయనకు కనబడేలా చెయ్యి ఊపారు. "ఈ పొద్దు పాతదేదన్న పెట్టుండ్రి."

"ప్రేమతోని తెచ్చిండు. పెట్టకుంటె ఎట్ల?" అని ఆయన ముల్లు దించారు.

సితార్ నెమ్మదిగా మొదలైంది. తబలా వచ్చి కలిసింది. ఇస్మాయిల్ భాయ్ కళ్లు మూసుకున్నాడు. కొంత దూరం పోయాక రికార్డు మీద ఏదో గీత అడ్డం పడి, ముల్లు ఒకే చోట తిరగడం మొదలుపెట్టింది. సగం పలికిన ఒక ముక్క, మళ్లీ అదే సగం, మళ్లీ అదే. ఇస్మాయిల్ భాయ్ కళ్లు తెరిచాడు. బాలకిషన్ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేం ముగ్గురం దేవసహాయం గారి వైపు చూశాం. ఆయన కళ్లు మూసుకుని, పెట్టె మీద అరచేయి ఆనించి, తల ఊపుతున్నారు. ఆ ఊపుకీ ఆ ముక్కకీ సంబంధం లేదు. ఎక్కడో ఇంకేదో పాటకు ఊపుతున్నట్టుంది. బాలకిషన్ చెయ్యి నోటి మీంచి మెల్లగా జారిపోయింది.

ముల్లు తాకే హక్కు మాకు లేదు. మాట్లాడే హక్కు కూడా లేదు. గడపలో రత్నమ్మ గారు వద్దన్నట్టు మాకు తల అడ్డంగా ఊపారు. చివరికి ఆమే వచ్చి ఆయన భుజం తట్టారు. ఆయన కళ్లు తెరిచి, మా ముఖాలు చూసి, ముల్లు వైపు చూశారు. అది ముందుకు కదలడం లేదు. మెల్లగా దాన్ని లేపారు.

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే సార్. గిప్పుడే," అన్నాడు బాలకిషన్.

"బొమ్మలకు మూతి చక్కగ దిద్దుతవ్ గాని, అబద్ధమాడితె నీ మూతి వంకరపోతది బాలకిషన్."

ఎవరమూ నవ్వలేదు. ఆయనే చెప్పారు. ఫోర్‌మన్ కాకముందు సమ్మెట యంత్రం దగ్గర పనిచేశారట. అరవై ఆరు దాటాక ఆ మోతకు చెవులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. అప్పటి నుంచి పెదాలు చూసి మాటలు పట్టుకుంటున్నారు. "ఇవన్ని చెవులున్నప్పుడు ఇన్నవే. రేడియోల, పెండ్లిళ్లల్ల, ఇరానీ హోటళ్లల్ల. పెట్టె అదిరితె చాలు, లోపల పాట లేస్తది. ఇననిదైతే ఒట్టి అదురుడే."

తర్వాత నా రికార్డును మైనపు కాగితంలో పెడుతూ అన్నారు. "ఇగ ఆదివారాలు రాకుండ్రి."

"దేవ్‌సాబ్, గిదేం మాట?" ఇస్మాయిల్ భాయ్ లేచి నిలబడ్డాడు.

"ఇన్నొద్దులు మీరు పాట కొరకు వచ్చిండ్రు. ఇప్పటిసంది నా మీద జాలికి వస్తరు. గది నాకొద్దు భాయ్."

గడప దాటుతుంటే నన్ను పిలిచారు. "యాదగిరీ, ఎట్లుండె నీ సితార్?"

"మంచిగుండె సార్."

"మంచిగుండె అంటె నాకేం దొరికింది?" అన్నారు. కోపం లేదు. ఖాళీ గిన్నె చూపించినట్టు అన్నారు. మెట్ల దగ్గర రత్నమ్మ గారు గొంతు తగ్గించి మాట్లాడారు. ఆ ఇంట్లో ఆమె గొంతు తగ్గించనక్కర్లేదని అప్పుడే తట్టింది నాకు. "ఆదివారం కొరకే వారమంత బతుకుతడు. ఇగ ఏం జేస్తడో."

తొమ్మిదేళ్ల తర్వాత ఆయన పోయారు. శవపేటిక మూసే ముందు రత్నమ్మ గారు ఆయన తెల్ల చొక్కా జేబులో మడతలు అరిగిన కాగితం ఒకటి పెట్టారు. అది నా డైరీలోదని అక్కడ ఆమె కాక నాకు, ఇస్మాయిల్ భాయ్‌కి, బాలకిషన్‌కి మాత్రమే తెలుసు. సితార్ రికార్డు ఆమె నాకిచ్చారు. దాన్ని వేయడానికి నా దగ్గర యంత్రం లేదు. కొననూ లేదు. ఇప్పటికీ ఎవరితో మాట్లాడాలన్నా లేచి వాళ్ల ఎదురుగా వెళ్లి నిలబడతాను. మా ఇంట్లో వాళ్లు దాన్ని చాదస్తం అంటారు.

ఆ కాగితం, సితార్ ఆగిపోయిన ఆదివారానికి మర్నాటి ఉదయంది. సోమవారం షిఫ్టుకు ముందు కూర్చుని, ముందురోజు పేజీలో పేర్ల కింద విన్నదంతా రాశాను. నాకు రాగాల పేర్లు తెలియవు. "మొదట ఒకే తీగ, లోతు తెలియని బావిలోకి చేద వదిలినట్టు. తర్వాత ముసలివాడు మెట్లెక్కుతున్నట్టు, ఒక్కో మెట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుంటూ. తబలా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ముల్లు ఆగిన చోట, అడగలేని మాట నోట్లోనే తిరిగినట్టు." ఇంకా చాలా రాశాను. పేర్ల కింది నుంచి కాగితం చింపాను. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నా డైరీల్లో ఒక్క కాగితం చింపలేదు.

యంత్రాలన్నీ నడుస్తున్నాయి. ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి కాగితం ఇచ్చాను. ఆయన చదివారు. చదువుతూ చదువుతూ, చూడకుండానే, పక్కనున్న లేత్ మీద అరచేయి ఆనించారు. కాగితం అయిపోయాక కూడా ఆ చెయ్యి తీయలేదు. కాసేపటికి తల మెల్లగా ఊగింది.

"తర్వాత ఏమాయె?" అన్నారు.

"అంతవరకే ఇన్న సార్. ముల్లు ఆగింది గద."

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"ఆదివారం రా. ముల్లు గీత దాటించి పెడ్త."