మైళ్ళ గడియారంలోకి ఎక్కిన నూనె

మా తాత యర్రయ్యకు ఉన్నది ఒకటే గుణం: భయం. ఉరుమంటే భయం, గేదె ఎదురొస్తే భయం, కోడిపుంజు తేరిపార చూస్తే భయం. ఇంతటి భయస్థుడు వెతికి వెతికి పట్టుకున్న ఉద్యోగం ఏమిటయ్యా అంటే, అనంతగిరి ఘాటీ మీద లారీ నడపడం.

1928లో ఆ లారీ వయసెంతో యజమానికే తెలియదు. దానికి వేగం చూపించే అద్దం ఒకటి ఉండేది. కొండవాళ్ళు దాన్ని మైళ్ళ గడియారం అనేవాళ్ళు. తాత రోడ్డు కంటే ఆ గడియారాన్నే ఎక్కువ చూసేవాడు. ముల్లు పది దాటిందా, ముఖం పాలిపోయేది. మలుపు ఇరుకుగా కనిపించిందా, లారీ ఆపేసి వెనక్కి తిరిగి ఒకటే మాట చెప్పేవాడు.

“దిగండి. నాకు బయమేత్తంది.”

అరకు సంతకు పోయే జనం నవ్వుకుంటూ దిగేవాళ్ళు. మలుపు దాటేలోపు ఆడవాళ్ళు తలకో కట్టెలమోపు కొట్టుకుని ముందుకెళ్ళి లారీ కోసం కాచుకునేవాళ్ళు. సంతలో పిల్లలు తాత నడకను, గొంతును అనుకరించేవాళ్ళు.

అప్పటికి మా మామ్మ చిన్నమ్మలు కాపురానికొచ్చి ఆరు నెలలు. మొగుడు మోటారు డ్రైవరని గర్వపడుతూ వచ్చిన మనిషి, ఆ ఆరు నెలల్లో తల దించుకోవడం బాగా నేర్చుకుంది. ఆముదం అమ్మే కనక ఒకసారి నలుగురిలో అడిగేసింది.

“తాళి కట్టినప్పుడు కూడా నిన్ను పీట మీంచి దిగమన్నాడేటే మీ ఆయన?”

ఆ మాటకు మామ్మ మూడు రోజులు తాతతో మాట్లాడలేదు. తాతకు అదీ భయమే.

ఒక సంత రోజు మధ్యాహ్నం లారీ అరకు నుంచి దిగుతోంది. మామ్మ ముందు సీట్లో ఉంది. వెనక కనక, కొండరైతు సోంబరు, ఇంకో ఎనిమిది మంది, తట్టల్లో కోళ్ళు. అనంతగిరి దాటాక మామ్మ మైళ్ళ గడియారం వైపు చూసింది. అద్దం లోపల సగానికి నల్లటి నూనె. ముల్లు అందులో ఈదుతోంది.

తాత లారీ ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, కిందకి దూరాడు. ఆ గడియారానికి గేరుపెట్టె నుంచి ఒక తీగ వెళ్తుంది. తీగ పెట్టెలోకి దిగే చోట మరలోని తోలు బిళ్ళ చివికి పొడైపోయింది. గేరునూనె కొంత తీగ గొట్టం వెంట అద్దంలోకి ఎక్కింది. మిగతాదంతా అరకు నుంచి రోడ్డు మీద చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. దిగుడులో ఆ లారీని పట్టి ఉంచేది బ్రేకులు కాదు, గేరు. నూనె లేక గేరు పళ్ళు విరిగాయంటే ఇక లారీని లోయే పట్టుకోవాలి. ముందున్నదేమో పాముమెట్ట మలుపు. మొన్నటి వానకు అక్కడ రోడ్డు అంచు సగం జారిపోయింది.

తాత బయటికొచ్చి ఈ సంగతంతా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సోంబరు వంగి నల్లటి చుక్కలను చూశాడు. మోటారుకు గాయమైందని తేల్చాడు. తట్టలోంచి గుగ్గిలం, తేనెమైనం తీశాడు.

“ఎద్దు గిట్ట పగిలితే మేం ఇదే కరగబెట్టి పోత్తాం, డైవరు బాబూ. నీ బండికి పోత్తే ఏటి?”

తాతకు అదీ భయమే, కానీ వేరే దారి లేదు. కాలి చెప్పు విప్పి దాని తోలులోంచి గుండ్రంగా బిళ్ళ కోశాడు. ఆముదంలో నానబెట్టి మరలో కూర్చాడు. మర చుట్టూ అడ్డాకు తీగ నార బిగించి చుట్టాడు. దాని మీద సోంబరు కరిగిన గుగ్గిలం పోశాడు. కనక ఆముదం కుండ మొత్తం గేరుపెట్టె తాగేసింది. తర్వాత తాత అందరినీ కూర్చోబెట్టి వంద లెక్కపెట్టించాడు. ఒక్క చుక్క రాలింది. మళ్ళీ వంద లెక్కపెట్టించాడు. ఇంక రాలలేదు.

లారీ పాముమెట్ట దాకా పాకింది. అక్కడ ఆగింది.

“దిగండి. నాకు బయమేత్తంది. కోళ్ళని కూడా దించండి, అరిత్తే నాకు ఇంకా బయం.”

అందర్నీ పైనున్న కాలిబాట పట్టి పొమ్మన్నాడు. వాళ్ళు వెళ్ళారు. మామ్మ మాత్రం నాలుగడుగులు వేసి, బండ పక్కన నిలబడి కిందకి చూసింది. లారీ కదిలింది. అంచు వైపు చక్రం కింద రాళ్ళు లోయలోకి జారాయి. అవి అడుగున పడ్డ చప్పుడు మామ్మకు వినిపించలేదు, అంత లోతు. గేరుపెట్టె మూలిగింది. వెనక భాగం జానెడు పక్కకు జరిగింది. మామ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు తోచింది ఆవిడకు: మనుషుల్ని దించాడు, కోళ్ళని దించాడు, ఆ లారీలో మిగిలిన ప్రాణి తనొక్కడే.

గేరు పట్టి నిలిచింది. లారీ నత్తలా మలుపు దాటి ఆగింది.

మామ్మ పరుగున దిగి వచ్చేసరికి తాత లారీ కింద తల పెట్టి చుక్కల కోసం వెతుకుతున్నాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.

“నీకు బయమెయ్యనేదా?” అంది మామ్మ.

“ఎందుకెయ్యదు? మీరుంటే పదకొండు మంది కోసం బయపడాల. నానొక్కడినయితే ఒకడి బయంతో సరిపోద్ది.”

అంతలో సోంబరు వాళ్ళు కాలిబాట దిగి వచ్చారు. సోంబరు అంతా పైనుంచి చూశాడు కాబోలు, తాత దగ్గరకొచ్చి నెమ్మదిగా అన్నాడు.

“మళ్ళీ సంతకి నాను దిగను బాబూ. నీకు తోడు కూకుంటాను.”

తాత ముఖంలో రక్తం లేదు. మామ్మ గబగబా అడ్డం వచ్చింది.

“తోడెవరున్నా ఆయనకి ఇంకా బయం. వట్టి పిరికోడు. రేతిరి పిల్లి అరిత్తే నా సాపలోకొత్తాడు.”

జనం పగలబడి నవ్వారు. సోంబరు కూడా నవ్వి ఆ మాట వదిలేశాడు.

ఆ రోజు నుంచి తాత పిరికితనాన్ని సంత సంతకూ మోసిన మనిషి మా మామ్మే. పిల్లి కథ కొన్నాళ్ళకు చుంచెలుక కథ అయింది, చివరికి మిణుగురు పురుగు దాకా వచ్చింది. తాత ఎదురు చెప్పలేదు. ఘాటీలో లారీ ఆగితే జనం నవ్వుతూ దిగేవాళ్ళు, నవ్వుతూ నడిచేవాళ్ళు. ఒక్కరూ లోపల మిగిలేవాళ్ళు కాదు.

మామ్మ తప్ప. పందొమ్మిదేళ్ళకే తనకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయని, అడుగు తీసి అడుగు వెయ్యలేనని చెప్పి సీట్లోనే కూర్చునేది.